అవ్యయం

వొమ్‌జా ఊళ్ళో, నరేవ్ నది వైపు దిగే వీధిలో
సైకిళ్ళు బాగుచేసే క్సవేరీకి
ఇంటిపేరు వ్రూబెల్.
పోలిష్ భాషలో పిచ్చుక అని.
ఆరడుగుల మనిషి, చేతులకెప్పుడూ గ్రీజు,
పిచ్చుక పోలిక ఒక్కటీ లేదు,
రొట్టెముక్క జేబులో వేసుకు తిరగడం తప్ప.

అక్కడ ఇంటిపేరు కుదురుగా కూర్చోదు.
వ్రూబెల్ వచ్చాడు, అంటే సరే.
వ్రూబెల్‌కి కరెంటు బిల్లొచ్చిందంటే వ్రూబ్లోవి.
వ్రూబెల్‌తో తగువు పడితే వ్రూబ్లెమ్.
వ్రూబెల్ గురించి చాడీ రాస్తే వ్రూబ్లు.
మొదటి విభక్తి గడప దాటిందో లేదో
బె నెత్తిమీది ఎత్వం
తుర్రున లేచిపోతుంది.

నవ్వకండి.
మన ఇల్లు మాత్రం?
పేరు పక్కన నిలబడగానే
ఇల్లుగా ఉండలేక ఇంటి అయిపోలేదూ?
పేరు మొయ్యడానికి
గుమ్మం దగ్గర తల వంచింది ఇల్లే.

చెప్పులు కుట్టే ముసలాయన చీటీ:
బూట్లు, వ్రూబ్లావి, మడమలు అరిగాయి.
మధ్యలో పెద్దక్షరం పెట్టాడు కనక మనిషివి,
లేకపోతే పిచ్చుకవే.
వాక్యం మొదట్లో ఆ దిక్కు కూడా లేదు,
అక్కడ అన్నిటికీ పెద్దక్షరమే.

ఇక బొగుమీవా.
పెళ్ళికి ముందు ఆమె బియెల్‌స్కా,
అన్ని విభక్తుల్లోనూ వంగి వంగి నడిచిన పేరు.
ఈయన్ని చేసుకున్నాక వంగడం మానేసింది.
ఆడమనిషి వ్రూబెల్ అయితే రూపం మారదు, రూలు అంతే.
ఆమెకి, ఆమెతో, ఆమె వల్ల, ఆమె లేకుండా,
ఎక్కడ రాసినా వ్రూబెలే, ఎత్వంతో సహా.
మన పాత పంతుళ్ళయితే
అవ్యయం అని ఊరుకునేవాళ్ళు.

లైబ్రరీలో కార్డులు రాసే మనిషి, ఊరుకుంటుందా?
నిన్ను పోస్టుమాన్ కూడా వంచుతాడు,
నన్ను వంచమను చూద్దాం, అనేది మొగుడితో.
ఇద్దర్నీ కలిపి రాస్తే నువ్వూ వంగుతావులే,
చెయిన్‌కి నూనె వేస్తూ అనేవాడు.
అదీ నిజమే.
పెళ్ళి శుభలేఖల మీద, క్రిస్మస్ కార్డుల మీద
వ్రూబ్లోవ్యే:
ఆయన ఎత్వం వెంబడే ఆమెదీ.

ఇంకో చిత్రం ఆ భాషలో.
ఉన్నాడనడానికి ఒక విభక్తి,
లేడనడానికి వేరొకటి.
వ్రూబెల్ యెస్త్, ఉన్నాడు.
వ్రూబ్లా నియె మా, లేడు.
చేపలకని నది ఒడ్డుకి పోయినప్పుడల్లా
కొట్టు తలుపుకి ఆమె తగిలించే అట్టముక్క:
వ్రూబ్లా నియె మా. నాలుగింటికి వస్తాడు.
ముప్ఫయ్యేళ్ళుగా అదే అట్ట,
మేకు బెజ్జం సాగి బఠాణీ గింజంత అయింది.
నాలుగన్నాడంటే అయిదున్నర.

ఫిబ్రవరిలో, చెయ్యి పట్టుకుని ఉండగానే.

రాళ్ళు చెక్కే దొబ్రోమీర్ పెన్సిలు చెవిలో దోపుకుని అడిగాడు:
ఆయనొక్కడి పేరా, వ్రూబ్లూఫ్ అని ఇద్దరిదీనా?
బహువచనం ఇప్పుడే చెక్కించుకుంటే
మళ్ళీ ఖర్చుండదు.
ఆమె గ్రానైట్ మీద మంచు చేత్తో తుడిచింది.
చాలాసేపు తుడిచింది.
ఒక్కడిదే, అంది. మొదటి విభక్తిలో.
అలా వెనక్కొచ్చింది ఎత్వం,
ఏ పనీ చెయ్యని మనిషిని
రాతి మీద కర్తని చేసి.

కొట్టు తలుపుకి మాత్రం పాత అట్టే.
రెండో వాక్యం కత్తెరతో కత్తిరించింది.
మర్నాడు ఎవరో పిల్లాడు
పంక్చరయిన సైకిలు గోడకి ఆనించి
అట్ట చదువుకుని, చదువుకుని
సాయంత్రం దాకా మెట్ల మీదే కూర్చున్నాడు.
లేడంటే వస్తాడనే కదా.

అందుకని కింద ఇంకో ముక్క రాయాల్సి వచ్చింది:
పంపు, జిగురు లోపల ఉన్నాయి. తలుపు కొట్టండి.
బి. వ్రూబెల్.